తూము పిడి ఎవరికి అప్పగించాలి?

ఉమ్మడి వరంగల్‌లోని ఆరు జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర ప్రణాళికా శాఖకు ఒక విశ్రాంత ఇంజనీరు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. చిన్న నీటిపారుదల విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి 2018లో పదవీ విరమణ చేశాను. ఉండేది హనుమకొండలో, సొంత ఊరు పరకాల వైపు. నెలకు రెండుసార్లయినా ఊరికి పోయి చెరువుకట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడవకపోతే నాకు తోచదు.

మా ఇంట్లో బియ్యం డబ్బా వెనుక మూరెడు పొడవున్న ఇనుప పిడి ఒకటి ఉంది. ఒక కొస వంగి, చేయి పట్టే చోట నున్నగా అరిగి ఉంటుంది. మా ఊరి పెద్దచెరువు నుంచి పొలాలకు నీళ్లు వదిలే తూము షట్టరు ఎత్తాలన్నా దించాలన్నా దానితోనే తిప్పాలి. చాలా ఏళ్లు అది చెరువు నీళ్లు చూసుకునే మా నీరటి దగ్గర ఉండేది. 2023లో గ్రామ రెవెన్యూ సహాయకులను ఇతర శాఖల్లో సర్దుబాటు చేసినప్పుడు ఆయన ఉద్యోగమూ మారింది. సంతోషమే, కాస్త మంచి జీతం వచ్చింది. వెళ్లేముందు ఆ పిడిని గోనెసంచిలో చుట్టి మా ఇంటికి తెచ్చాడు. "సార్, దీన్ని ఎవరికి అప్పజెప్పాలో కాగితంలో రాయలేదు. మీరు ఇరిగేషన్‌లో చేశారు కదా, మీ దగ్గర ఉంచండి" అన్నాడు.

సర్కారు సొత్తు ఇంట్లో పెట్టుకోవడం నాకు అలవాటు లేదు. సెక్షన్‌లో ఉన్న కుర్ర ఇంజనీరును అడిగాను. "అది నీరటి దగ్గర ఉండాలి కదా సార్" అన్నాడు. నీరటి లేడు బాబూ అంటే ఆలోచనలో పడ్డాడు. పంచాయతీ కార్యదర్శి స్టాకు రిజిస్టరు తెరిచి చూపించాడు. అందులో ట్రాక్టరు ఉంది, కుర్చీలు ఉన్నాయి, చెత్తబుట్టలు ఉన్నాయి, పిడి లేదు. 2025లో వచ్చిన గ్రామ పాలన అధికారి మర్యాదస్తుడు. పిడిని అటూ ఇటూ తిప్పి చూసి "భూమి రికార్డయితే చూస్తానండీ" అన్నాడు. ఎవరినీ తప్పుపట్టను. ముగ్గురూ ఉన్నమాటే చెప్పారు.

ఈ మధ్య నగరంలో సుస్థిర అభివృద్ధి మీద ఒక సమావేశానికి పిలిస్తే వెళ్లాను. రెండు గంటల ప్రసంగాల సారం ఒకటే: ప్రజల్లో అవగాహన లేదు, అదే అడ్డంకి. నాకు ఒళ్లు మండింది. రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవాలని బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో చెప్పింది. ఆ కమిషన్ పేరు వినని మా ఊరి ముసలమ్మ కూడా విత్తనపు వడ్లు వండుకోదు. అవగాహన అక్కడ ఉంది. లేనిది పద్దు, లేనిది మనిషి. నా ముప్పై మూడేళ్ల అనుభవం ఈ రెండు మాటల్లో అయిపోతుంది. కానీ వివరంగా చెప్పకపోతే మీరు నమ్మరు, అందుకే ఈ లేఖ.

నా చేత్తో ఎన్ని ఎం-బుక్కులు రాశానో లెక్క లేదు. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను, ప్రభుత్వ పనిని కొలిచి రాసుకునే పుస్తకం అది. అందులో ఎక్కని పనికి బిల్లు లేదు. పొడవు, వెడల్పు, లోతు, ఆపైన క్యూబిక్ మీటర్లు. చెరువులో తీసిన పూడికకు అందులో చోటుంది. కట్ట మీద పోసిన మట్టికి చోటుంది. ఆ చెరువులో సంక్రాంతి దాకా నీళ్లు నిలిచాయా, మత్తడి (అలుగు) దూకిన నీళ్లు కింది కుంటకు చేరాయా అన్నదానికి చోటు లేదు. కాలువకు అడ్డంగా ఎవరైనా గోడ కట్టారేమో రాసే చోటు అసలే లేదు. సర్కారు ఏది కొలుస్తుందో అదే జరుగుతుంది. మేము తవ్వడాన్ని కొలిచాం, తవ్వడం జరిగింది.

నేను సర్వీసులో ఉండగా ఒక చెరువు తూము చెడిపోయింది. స్క్రూ రాడ్డు తుప్పుపట్టి బిగుసుకుంది, షట్టరు రేకు కింద చిల్లు పడింది. ఎస్టిమేట్ రాశాను, నాలుగు వేల చిల్లర. పైకి పోయిన కాగితం నెలన్నరకు తిరిగొచ్చింది: మరమ్మతుల పద్దులో నిధులు లేనందున వచ్చే ఆర్థిక సంవత్సరంలో ప్రతిపాదించవలెను. మరుసటి ఏడు ప్రతిపాదించాను. అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. రైతులు ఊరుకుంటారా? ఇసుక బస్తాలు, వరిగడ్డి కుక్కి తూము మూసుకున్నారు. నీళ్లు తూము గోడ పక్కనుంచి దారి వెతుక్కున్నాయి. మొదట వేలెడు ధార, రంగు తెల్లగానే ఉంది. తర్వాత ఎర్రబడింది. కట్టమీద పనిచేసినవాళ్లకు ఆ ఎరుపు అర్థమవుతుంది, కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. మూడో వానాకాలంలో ఒక అర్ధరాత్రి తూము దగ్గరే గండి పడింది. కింద నాట్లు వేసిన పొలాల మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది.

ఆ గండి పూడ్చడానికి పదకొండు లక్షల ఎస్టిమేట్ రాసింది కూడా నేనే. పది రోజుల్లో మంజూరైంది. పని పూర్తయిన రోజు ఫొటో దిగాం, పత్రికలో వచ్చింది. నాలుగు వేలు అడిగిన రెండేళ్లు నా ఫొటో ఎక్కడా రాలేదు.

ఇది నా ఒక్కడి కథ అయితే రాసేవాడిని కాదు. 2019 జూన్‌లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగాయి. జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు చెప్పిన కారణాల్లో ప్రణాళిక, డిజైను, నాణ్యత నియంత్రణ లోపాలతో పాటు నిర్వహణ లోపం కూడా ఉంది. రాజకీయ పార్టీలు మొదటి మూడింటి గురించి ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. నాలుగోదాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నిర్వహణ మీద ఎవరికీ ఓట్లు పడవు.

నా శాఖను పూర్తిగా తిట్టిపోయడం న్యాయం కాదు. 2021లో నీటిపారుదల విభాగాలన్నిటినీ కలిపి, నిర్వహణకంటూ ప్రత్యేకంగా ఒక ఇంజనీర్-ఇన్-చీఫ్‌ను పెట్టారు. నేను సర్వీసులో ఉన్నంతకాలం కోరుకున్న పని అది. అయితే మా ఊరి వైపు నేను చూసినంతలో ఆ డబ్బు తెగిన కట్టల దగ్గరికే పోతోంది, తెగబోయే కట్ట దగ్గరికి రావడం లేదు.

కాకతీయుల పేరెత్తకుండా వరంగల్‌లో ఏ సభా మొదలుకాదు, నేనూ ఎత్తుతాను. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం చెరువులను చూపించి వాళ్ల ఇంజనీరింగ్‌ను పొగుడుతాం. గొలుసుకట్టు అంటాం, పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకు ఆధారమంటాం. అన్నీ నిజమే. కానీ అసలు తెలివి కట్టలో లేదు, మాన్యంలో ఉంది. చెరువు తవ్వించి దాన్ని బాగోగులతో నిలబెట్టినవారికి దశబంధం అని భూమిలో వంతు ఇచ్చేవారు. శాసనాల్లో కనిపిస్తుంది. తూము తిప్పే నీరటికి వేరే మాన్యం. అంటే చెరువు కట్టిన రోజే దాని మరమ్మతు ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో రాసిపెట్టారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మనకు కట్ట మిగిలింది, మాన్యం పోయింది.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు నేను సంతోషించినంతగా మరెవరూ సంతోషించి ఉండరు. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను ఐదు విడతల్లో బాగుచేయాలన్న సంకల్పం చిన్నది కాదు. ప్రభుత్వం పొక్లెయిన్‌తో తవ్విపెడితే రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పూడిక మట్టి తోలుకున్నారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెరువులో వరుసకట్టి నిలబడ్డ ఆ ట్రాక్టర్లను చూస్తే జాతరలా ఉండేది. మా తమ్ముడు తన మూడెకరాలకు నల్లమట్టి తోలించి, ఆ ఏడు ఎరువు బస్తాలు తగ్గించాడు. ప్రజల భాగస్వామ్యం అని సభల్లో అనే మాటకు నేను కళ్లారా చూసిన రుజువు అదొక్కటే. కానీ అందులోనూ మేము కొలిచింది మట్టినే. పైనుంచి వచ్చే కాలువలు చాలాచోట్ల ఎస్టిమేట్‌లో పైపైన రాసి వదిలేశాం. అక్కడ తవ్వడం తక్కువ, తగాదా ఎక్కువ. తవ్వి లోతు చేసిన చెరువు, నీళ్లు రాని చెరువు అయింది. మళ్లీ పూడిక చేరడం మొదలయ్యేసరికి పథకం ముగిసింది.

మన దగ్గర పథకాలకు ఆయుష్షు ప్రభుత్వంతోపాటే ఉంటుంది. 2015లో హరితహారంగా మొదలైనది ఇప్పుడు వన మహోత్సవం. పేరు మారితే నాకేమీ అభ్యంతరం లేదు, మొక్కకు ఫ్లెక్సీ చదవడం రాదు. మారిన ప్రతిసారీ పాత లెక్క చెరిపేసి కొత్త సున్నా నుంచి మొదలుపెట్టడమే బాధ. అయితే ఆ కథలో ఒక మంచి ముక్క ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఊరూరా నర్సరీ ఉండాలన్నారు, పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు, మొక్క చస్తే ఎవరిని అడగాలో కూడా రాశారు. పద్దు ఉంది, మనిషి ఉన్నాడు. ఇవాళ పరకాల రోడ్డు మీద బండి మీద పోతుంటే తగిలే నీడ అలా వచ్చిందే. చెరువుకు మాత్రం అలాంటి వాక్యం ఒక్కటీ ఎవరూ రాయలేదు.

ఆ పంచాయతీలకైనా స్థిరత్వం ఉందా? 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా, రెండేళ్లకు కాస్త తక్కువగా, ఊళ్లు ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లు, పైగా సొంత శాఖ పని. చెరువు నీళ్లను రైతులే చూసుకోవాలని 1997లో చట్టం చేశారు. మా ఊరి నీటి సంఘానికి చివరి ఎన్నిక ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. గోడమీద సంఘం అధ్యక్షుడి పేరు ఇంకా ఉంది, ఆయన లేడు.

ఇక సరిహద్దులు. పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో ఐదు ముక్కలైంది, 2019లో ములుగుతో ఆరైంది. కలెక్టరేట్ దగ్గరైందని జనం సంతోషించారు, నేనూ కాదనను. కానీ వాగుకు గెజిట్ తెలియదు. వరంగల్ చుట్టుపక్కల కురిసిన వాన ఆకేరులో పడి మహబూబాబాద్ జిల్లాకు పోతుంది, పాకాల అడవుల్లో పుట్టిన మున్నేరుతో కలిసి ఖమ్మం చేరుతుంది. 2024 సెప్టెంబరు ఒకటిన కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫొటో మీరందరూ చూసే ఉంటారు. అదే రోజు మున్నేరు ఖమ్మం నగరాన్ని ముంచింది. పైన ఏ చెరువు ఎప్పుడు మత్తడి దూకిందో కింది జిల్లాకు చెప్పే బాధ్యత ఎవరిదో నాకు ఇద్దరు డిప్యూటీ ఇంజనీర్లు రెండు రకాలుగా చెప్పారు. అంతకు ముందటి ఏడాది జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతటి వాన ఎన్నడూ నమోదు కాలేదు. ఆ రాత్రే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ల పైకప్పులెక్కి తెల్లారేదాకా నిలబడ్డారు. అంత వానను ఏ కట్టా ఆపలేదు, అది ఒప్పుకుంటాను. ఎగువ నీటి కబురు దిగువకు చేరడానికి మాత్రం కట్ట అక్కర్లేదు, ఫోను చాలు.

నగరం సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 1971 నాటి మాస్టర్ ప్లాను పట్టుకుని అర్ధ శతాబ్దం నెట్టుకొచ్చాం. 2041 ప్లానుకు ఆమోదం 2024లో వచ్చింది. మధ్యలో నాలాల మీద, చెరువు శిఖాల్లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూముల్లో, కాలనీలు వెలిశాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో హనుమకొండ వీధుల్లో పడవలు తిరిగాయి. పది హెక్టార్లకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్ల దాకా ఏమీ కట్టకూడదని 2012 భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. కబ్జాదారులంటూ అందరినీ ఒక్క గాటన కట్టడం కూడా నాకు నచ్చదు. శిఖం భూముల్లో నిజమైన పట్టాలున్న రైతులు ఉన్నారు, నీళ్లు వెనక్కి తగ్గాక తాతల కాలం నుంచి సాగుచేసుకుంటున్నారు. ఎఫ్‌టీఎల్ రాయి పాతినప్పుడు ఆ రైతు కోర్టుకు పోక ఏం చేస్తాడు? పరిహారానికి పద్దు లేదు. బిల్డరు మాత్రం రాయి పాతకముందే ఆ రైతు దగ్గరికి వస్తాడు, డబ్బుతో వస్తాడు.

సింగరేణి బొగ్గు, చెల్పూరులో బొగ్గుతో తయారయ్యే కరెంటు గురించి కూడా రాయాలనుకున్నాను. అది మీ చేతిలో ఉన్న విషయం కాదు, నా ఇంట్లో ఫ్యాను తిరిగేది కూడా దానితోనే. వదిలేస్తున్నాను.

ఒక శాఖ ఎడమకు లాగితే ఇంకో శాఖ కుడికి లాగడం మాత్రం మీ కళ్లముందే జరుగుతోంది. యాసంగి ముందు వ్యవసాయ శాఖవాళ్లు వచ్చి వరి తగ్గించండి, పప్పులు వేయండి అంటారు. మా తమ్ముడు నాతో అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "అన్నా, కంది వేయమని మీటింగులో చెప్పిన ఆయన కాంటా దగ్గర కనిపించడు. వరి వేస్తే ఊళ్లో ఐకేపీ కేంద్రం (మహిళా సంఘాల ధాన్యం కొనుగోలు కేంద్రం) ఉంది. బోరుకు బిల్లు లేదు. నన్ను మారమంటున్నారు, కాంటాను మార్చమను." 2004 నుంచి సాగుకు ఉచిత కరెంటు ఉంది, 2018 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నారు. చెరువు నిండినా నిండకపోయినా బోరు నడుస్తుంది కాబట్టి చెరువు ఎండితే అడిగేవాడు తగ్గాడు. ఉచిత కరెంటు తీసేయమని నేను అనను, నాకు ఊళ్లో ముఖం చూపించే పని ఉంది. కానీ నీళ్లు మిగిల్చిన రైతుకు ఏ శాఖ నుంచీ ఒక్క రూపాయి రాదు, తోడిన రైతు పంటను సర్కారే కొంటుంది. ఈ లెక్క తెలిసి కూడా రైతుకు అవగాహన సదస్సు పెట్టడం ఏమిటి?

ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పెట్టింది, వాటి కింద 169 ఉపలక్ష్యాలు, గడువు 2030. మీ కార్యాలయాల్లో ముఖ్య ప్రణాళికాధికారి వాటికి పట్టికలు తయారుచేస్తారు. ఒకప్పుడు నన్నూ అడిగేవారు, మీ పరిధిలో చెరువులెన్ని అని. సంఖ్య పంపేవాడిని. చెరువు నిండినా, ఎండినా, ప్లాట్లయినా రికార్డులో ఉన్నంతకాలం ఆ సంఖ్య మారదు. ఏటా అదే సంఖ్య పంపి, ఏటా సకాలంలో పంపినందుకు ఒకసారి మెచ్చుకోలు లేఖ కూడా అందుకున్నాను.

కొత్త చట్టాలు, కొత్త పథకాలు నేను అడగడం లేదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు వేసిన కాంట్రాక్టరు ఐదేళ్లు దాని మరమ్మతులు చూడాలని ఒప్పందంలోనే ఉంటుంది. రోడ్డుకు కుదిరింది చెరువుకు ఎందుకు కుదరదు? పూడిక తీసిన బిల్లులో కొంత భాగం ఆపి, రెండు వానాకాలాలు దాటాక, పై కాలువ పారిందని ఆయకట్టు రైతులు సంతకం పెట్టాకే ఇవ్వండి. ఎం-బుక్కులో ఆ ఒక్క చోటు కల్పించండి. కాంట్రాక్టర్లు గోల చేస్తారు. మా ఇంజనీర్లు వాళ్లకంటే ఎక్కువ గోల చేస్తారు, నాకు తెలుసు.

రాజ్యాంగంలోని 243జెడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలి. ఊళ్ల ప్రణాళికలూ పట్టణాల ప్రణాళికలూ కలిపి చూడాల్సింది అదే. ఆరు జిల్లాలవి ఆరు వేరువేరుగా కూర్చున్నా ఫలితం లేదు. ఏటా మే నెలలో ఒక్కరోజు, ఆకేరు, మున్నేరు, మోరంచవాగు పటాలు బల్లమీద పరిచి మీరు ఆరుగురూ కలిసి కూర్చోండి. ఖమ్మం కలెక్టరును కూడా పిలవండి, మునిగేది ఆయన జిల్లానే. ఏ గొలుసులో ఏ తూము పనిచేయడం లేదో ఆ రోజు చదివించండి. చదివిన జాబితాను నోటీసు బోర్డులో పెట్టించండి. నాలుగు వేల రూపాయల మరమ్మతుకు డిప్యూటీ ఇంజనీరు సంతకం చాలునని మీరు రాసిస్తే, ఈ లేఖలో సగం నేను వెనక్కి తీసుకుంటాను.

నీరటి సంగతి చివరికి ఉంచాను. ప్రతి చెరువుకూ ఒక ఉద్యోగి అంటే ఆర్థిక శాఖ ఒప్పుకోదు. గొలుసుకు ఒకరు చాలు, నెల జీతం మీద, ఆ ఊళ్లవాడే. వాడికి కట్టమీద ఎలుక బొరియ ఎక్కడుందో తెలియాలి, మత్తడి దూకగానే కింది ఊరికి ఫోను చేయాలి. జీతం ఇరిగేషన్ ఇస్తుందా, పంచాయతీరాజ్ ఇస్తుందా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. అది తేలకనే కదా ఇన్నాళ్లూ ఇలా ఉంది.

పోయిన వానాకాలంలో మా చెరువు నిండింది. అర్ధరాత్రి తమ్ముడు ఫోను చేసి "అన్నా, తూము కాస్త ఎత్తాలి, పిడి నీ దగ్గరే ఉందట కదా" అన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని, వర్షంలో ఆటో మాట్లాడుకుని పోయాను. నేను చేరేసరికి తెల్లవారుతోంది. కుర్రాళ్లు పైపు రెంచీతో తిప్పబోయి స్క్రూ మరలు రెండు చెడగొట్టి ఉన్నారు. పిడి పెట్టి తిప్పితే నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఆ నాలుగు చుట్లతోనే ఆ రోజు గడిచింది.

ఈ పిడిని ఏ హోదాలో ఉన్నవారికి అప్పగించాలో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి. వచ్చే జూన్ లోపు తెలియజేస్తే నేనే తెచ్చి ఇస్తాను. ముట్టినట్టు రసీదు కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు
హనుమకొండ